నాలుగు పేజీల వ్యాసం, ఇరవై ఏళ్ల తగువు



1949లో వైద్యశాస్త్రానికి నోబెల్ బహుమతి అందుకున్న ఇద్దరిలో ఒకరు పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్. పుర్రెకు రంధ్రం చేసి, మెదడు ముందు భాగంలో కొన్ని నరాల తంతువులు కోసేస్తే అదుపు తప్పిన మానసిక రోగులు నెమ్మదిస్తారని ఆయన చెప్పాడు. నెమ్మదించారు, నిజమే. చాలామంది ఆ నెమ్మదిలోంచి మళ్లీ తేరుకోలేదు. ఆ ఆపరేషన్ పేరెత్తితే ఇవాళ్టి మానసిక వైద్యులు ఇబ్బందిపడతారు.

అదే ఏడాది సెప్టెంబరు 3న, ‘మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియా’ అనే పత్రికలో నాలుగు పేజీల వ్యాసం ఒకటి అచ్చయింది. ఉన్మాదంతో ఊగిపోయే రోగులకు లిథియం లవణాలు ఇస్తే ఏమైందో అందులో ఉంది. రాసినవాడు జాన్ కేడ్. పేరున్న విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కాడు. మెల్‌బోర్న్ శివార్లలోని బందూరా అనే చోట, మాజీ సైనికుల మానసిక చికిత్సాలయానికి పెద్ద డాక్టరు. ఆ వ్యాసానికి అప్పట్లో బహుమతులేమీ రాలేదు. మొదట్లో దాన్ని చదివినవాళ్లే తక్కువ. ఇప్పుడు ఆ పత్రిక శతాబ్దం పైబడిన చరిత్రలో, ఇతర పరిశోధకులు ఎక్కువగా ఉదహరించిన వ్యాసాల్లో దానిది అగ్రస్థానం.

ఎవరి పరిశోధనను ఎంతమంది ఉదహరించారన్న లెక్కకు మన విశ్వవిద్యాలయాల్లోనూ ఇప్పుడు గిరాకీ ఎక్కువ. ఉద్యోగాలకూ, ప్రమోషన్లకూ ఆ అంకెలు చూస్తున్నారు. 1955లో ఎవరైనా ఆ తూకంతో జాన్ కేడ్‌ని తూచి ఉంటే, ఆయన లెక్కలోకే వచ్చేవాడు కాదు. అందుకే ఈ వ్యాసం సంగతి చెప్పాలనిపించింది. ఒక పరిశోధన ప్రభావం ఎలా పెరుగుతుందో, దాన్ని పెంచేవాళ్లెవరో ఈ కథలో బాగా కనిపిస్తుంది.

కేడ్ 1912లో విక్టోరియా రాష్ట్రంలోని ముర్టోవా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి కూడా డాక్టరే. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చి, తర్వాత ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల కొలువులో చేరాడు. అందువల్ల పిల్లవాడు పెరిగింది ఆస్పత్రి ఆవరణల్లోనే. మనం చులకనగా పిచ్చాసుపత్రి అంటామే, అదే ఆ అబ్బాయికి ఆటస్థలం. రోగులు వాళ్ల ఇంటి చుట్టుపక్కల తిరిగే మనుషులే. ఆ చిన్నతనపు చనువు లేకపోతే తర్వాతి కథ లేదేమోనని నా అనుమానం.

మెల్‌బోర్న్‌లో వైద్యం చదివాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, సైన్యంలో చేరాడు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశమైనప్పుడు వేలమందితో పాటు పట్టుబడి, మూడున్నరేళ్లు చాంగీ యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నాడు. అక్కడ తిండి అంతంతమాత్రం, మందులు లేవు, రోగాలకు లోటు లేదు. మతి చలించిన ఖైదీలను చూసుకునే పని కేడ్‌ది. వాళ్లలో కొందరు చనిపోయాక శవపరీక్ష చేస్తే శరీరంలోనే కారణాలు కనిపించాయి. మనసు జబ్బనుకున్నదానికి వేరు ఒంట్లో ఉండవచ్చునన్న ఆలోచన ఆయనలో బలపడింది అక్కడే. ఆనాటికి అదేమీ అందరూ ఒప్పుకునే మాట కాదు. చిన్ననాటి అనుభవాలూ, అణచుకున్న కోరికలూ అంటూ మనసు లోతుల్లోనే కారణాలు వెతికే పద్ధతి అప్పుడు జోరుమీద ఉంది.

ఇక్కడ ఉన్మాదం గురించి రెండు మాటలు చెప్పాలి. ఇంగ్లిషులో మేనియా అంటారు. ఇప్పుడు బైపోలార్ డిజార్డర్ అని పిలుస్తున్న జబ్బులో ఇది ఒక కొస, కుంగుబాటు రెండో కొస. ఉన్మాదం ముదిరిన మనిషికి నిద్ర అక్కర్లేదు. మాట ఆగదు. తనకు చేతకానిది లేదనిపిస్తుంది. ఉన్న డబ్బు పంచేస్తాడు, లేనిది అప్పు తెచ్చి ఖర్చుపెడతాడు, అడ్డం వచ్చినవాళ్ల మీద విరుచుకుపడతాడు. మన ఊళ్లల్లో చాలాకాలం దీన్ని గాలి సోకిందనో, పూనకమనో, డబ్బు మదమనో అనుకున్నారు. ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు.

కేడ్ ఆలోచన ఏమిటంటే, థైరాయిడ్ గ్రంథి మరీ ఎక్కువ పనిచేస్తే ఒక రకం జబ్బు, తక్కువ పనిచేస్తే మరో రకం జబ్బు వచ్చినట్టు, ఉన్మాదంలో ఏదో పదార్థం ఒంట్లో ఎక్కువై ఉండాలి, కుంగుబాటులో తక్కువై ఉండాలి. ఎక్కువైనది మూత్రంలో పోవాలి కదా! ఆస్పత్రిలో వాడకంలో లేని వంటగది ఒకటి ప్రయోగశాలగా మారింది. రోగుల మూత్రం సీసాలకు కేడ్ ఇంట్లోని ఫ్రిజ్జులోనే చోటు దొరికింది. ఆయన భార్య జీన్ నర్సుగా పనిచేసినావిడ, కాబట్టి సరిపోయింది. ఆ మూత్రాన్ని గినీ పందుల పొట్టలోకి ఎక్కించి చూశాడు. ఉన్మాద రోగుల మూత్రానికి అవి తొందరగా చచ్చిపోతున్నట్టు తోచింది. చంపేది యూరియా అని తేలింది. మరి ఆ విషాన్ని పెంచేది ఏది? యూరిక్ ఆమ్లమేమో చూద్దామనుకున్నాడు. అది నీళ్లలో సరిగా కరగదు. కరిగే రూపం కావాలి. లిథియంతో కలిసిన యూరేట్ బాగా కరుగుతుంది. అలా, కేవలం కరుగుతుందన్న కారణంతో, లిథియం ఈ కథలోకి వచ్చింది.

విషం పెరుగుతుందనుకుంటే తగ్గింది. అప్పుడు లిథియం కార్బొనేట్ ఒక్కటే ఎక్కించి చూశాడు. రెండు గంటల తర్వాత గినీ పందులు మందకొడిగా అయిపోయాయి. మామూలుగా వాటిని వెల్లకిలా పడుకోబెడితే ఒక్క క్షణం ఉండవు, గింజుకుని లేచిపోతాయి. ఇవి అలాగే పడుకుని చూస్తూ ఉండిపోయాయి. కొంతసేపటికి మళ్లీ మామూలయ్యాయి. వాటికి లిథియం మోతాదు మించి విషం ఎక్కిందేమోనని తర్వాతి శాస్త్రజ్ఞులు అన్నారు. అదే నిజం కావచ్చు. అంటే కేడ్ ఊహ తప్పు, ఆ ఊహను పరీక్షించిన పద్ధతి మొరటు, గినీ పందుల్లో ఆయన చూసిన ప్రశాంతత కూడా బహుశా ప్రశాంతత కాదు. ఇన్ని తప్పుల మీదుగా మనిషి సరైన చోటికి చేరడం సైన్సు చరిత్రలో అరుదేమీ కాదు గానీ, ఇంత వంకరదారిన చేరినవాళ్లు తక్కువే.

ముందు తానే కొంత లిథియం మింగి చూసుకున్నాడు. ఏమీ కాలేదు. 1948 మార్చి 29న మొదటి రోగికి మొదలుపెట్టాడు. వ్యాసంలో ఆయన్ని డబ్ల్యు.బి. అన్న పొడి అక్షరాలతోనే పేర్కొన్నాడు. వయసు 51. ఐదేళ్లుగా తగ్గని ఉన్మాదం, వార్డులో అందరికీ తలనొప్పి. మందు మొదలైన నాలుగైదు రోజుల్లో మార్పు కనబడింది. మూడు వారాలకు కోలుకునేవాళ్ల వార్డుకు మార్చారు. జులైలో ఇంటికి పంపించారు, పాత ఉద్యోగంలో చేరాడు కూడా.

తర్వాతి కథ మన దగ్గర ఏ మానసిక వైద్యుడు విన్నా ‘తెలిసిందే’ అంటాడు. బాగైపోయింది కదా అని ఆయన మందు మానేశాడు. 1949 మొదట్లో మళ్లీ ఆస్పత్రికి వచ్చాడు. మళ్లీ లిథియం ఇస్తే మళ్లీ తగ్గింది.

సెప్టెంబరు నాటి వ్యాసంలో మొత్తం 19 మంది రోగులున్నారు. ఉన్మాదం ఉన్న పదిమందికీ గుణం కనిపించింది. స్కిజోఫ్రీనియా ఉన్న ఆరుగురిలో కొందరికి అలజడి తగ్గింది గానీ అసలు జబ్బు అలాగే ఉంది. కుంగుబాటు ఉన్న ముగ్గురికి ఏ మార్పూ లేదు. ఈ ఆఖరి రెండు ముక్కలే ఆ వ్యాసానికి ప్రాణమని నా ఉద్దేశం. లిథియం అందరినీ మత్తులో పడేసే మందైతే అందరూ నెమ్మదించాలి. అలా జరగలేదు. ఒక జబ్బుకు పనిచేసి, పక్క జబ్బుకు పనిచేయలేదు. మానసిక జబ్బులన్నీ ఒకే ముద్ద కాదని ఒక మాత్ర చెప్పినట్టయింది. పనిచేయని చోట పనిచేయలేదని రాసే నిజాయితీ కేడ్‌కి ఉంది. వాంతులు, వణుకు వస్తే వెంటనే మందు ఆపాలన్న హెచ్చరిక కూడా రాశాడు.

మరి ఎందుకు ఎవరూ పట్టించుకోలేదు? ఒకటి, పోల్చి చూసేందుకు మందు ఇవ్వని రోగుల జట్టు ఆ ప్రయోగంలో లేదు. రాసినవాడికి పరిశోధనలో పేరు లేదు, ఊరు చూస్తే ప్రపంచానికి ఒక మూల. అంతకంటే పెద్ద దెబ్బ మరోటి తగిలింది. లిథియం కొత్త పదార్థమేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో గౌట్ అనే కీళ్ల జబ్బుకు వాడారు. అమెరికాలో సెవెనప్ పానీయం 1929లో మొదలైనప్పుడు అందులోనూ లిథియం కలిపేవారంటే నమ్మబుద్ధి కాదు. అదే అమెరికాలో, గుండె జబ్బులవాళ్లకు మామూలు ఉప్పు బదులు లిథియం క్లోరైడ్ అమ్మారు. వాళ్లు కూరల మీద ఇష్టమొచ్చినంత చల్లుకున్నారు. కొందరు చనిపోయారు. 1949 తొలి నెలల్లో అక్కడి ప్రభుత్వం దాన్ని మార్కెట్టు నుంచి తీసేసింది. కేడ్ వ్యాసం అచ్చయింది ఆ వార్త చల్లారకముందే.

1950లో డబ్ల్యు.బి. చనిపోయాడు, లిథియం విషమై. కేడ్ చేతిలో ఈ మందుతో ఉన్మాదం నుంచి బయటపడ్డ మొదటి మనిషి ఆ మందుకే బలయ్యాడు. కేడ్ తన వార్డుల్లో లిథియం వాడకం ఆపేశాడు. తర్వాత స్ట్రాన్షియం, రుబీడియం, సీజియం వంటి మూలకాలతో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. ఒక్కటీ ఫలించలేదు.

అసలు లోపం మందులో లేదు, కొలతలో ఉంది. లిథియం సంగతి ఆవకాయలో ఉప్పు లాంటిది, తగ్గితే పని జరగదు, పెరిగితే పనికిరాదు. మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య ఎడం బాగా తక్కువ. రోగి ముఖం చూసి ఆ తేడా పట్టడం కష్టం. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ట్రౌట్నర్ అనే శాస్త్రజ్ఞుడు రక్తంలో లిథియం ఎంత ఉందో ఫ్లేమ్ ఫోటోమీటరు అనే పరికరంతో కొలవవచ్చని చూపాడు. మంటలో పడ్డ మూలకం ఇచ్చే వెలుగును బట్టి దాని పరిమాణం చెప్పే పరికరం అది. నోయాక్ అనే వైద్యుడితో కలిసి వందమందికి పైగా రోగుల వివరాలను 1951లో అదే పత్రికలో ప్రచురించాడు. లిథియం ఇవాళ మనుషులకు ఇవ్వదగ్గ మందుగా బతికి ఉందంటే ఆ పనివల్లనే. ట్రౌట్నర్ పేరు మాత్రం మానసిక వైద్యం చదివే విద్యార్థుల్లో కూడా ఎందరికి తెలుసో! ఉదహరింపుల లెక్కల్లో ఇలాంటి అన్యాయాలు మామూలే. మొదట చూసినవాడికి పేరు దక్కుతుంది, దాన్ని వాడకానికి తెచ్చినవాడు పాదసూచికలో ఉండిపోతాడు.

ఇక కథ డెన్మార్క్‌కి వెళుతుంది. అక్కడ మోగెన్స్ స్కౌ అనే పరిశోధకుడు కేడ్ వ్యాసం చదివాడు. ఆయన తండ్రి మానసిక వైద్యుడు. సొంత తమ్ముడు పదేపదే కుంగుబాటుకు లోనయ్యేవాడు. 1954లో స్కౌ, సహచరులతో కలిసి 38 మంది ఉన్మాద రోగుల మీద చేసిన ప్రయోగాన్ని ప్రచురించాడు. కొందరికి లిథియం, కొందరికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది అన్నది బొమ్మా బొరుసా వేసి తేల్చారు. మానసిక వైద్యంలో అలా చీటీల పద్ధతిన మందును పరీక్షించడం అప్పటికి దాదాపు కొత్త. లిథియం పనిచేస్తోందని తేలింది.

తర్వాత బాస్ట్రుప్ అనే మరో డేనిష్ వైద్యుడికి ఒక విషయం తట్టింది. మందు వాడుతున్నంత కాలం కొందరికి జబ్బు తిరగబెట్టడమే లేదు. ఉన్మాదమే కాదు, కుంగుబాటు కూడా. అతనూ స్కౌ కలిసి ఆరేళ్లకు పైగా 88 మంది స్త్రీల వివరాలు పోగుచేసి 1967లో ప్రచురించారు. వచ్చిన జబ్బును తగ్గించడం ఒక ఎత్తు. రాబోయే జబ్బును ఆపడం మరో ఎత్తు. మానసిక వైద్యంలో అంతవరకు అలాంటి మాట అన్నవాళ్లు అరుదు.

వెంటనే లండన్ నుంచి దెబ్బ పడింది. మాడ్స్‌లీ ఆస్పత్రికి చెందిన మైకేల్ షెపర్డ్, బారీ బ్లాక్‌వెల్ కలిసి 1968లో ‘లాన్సెట్’ పత్రికలో రాస్తూ, ఇది మరో చికిత్సా పుక్కిటి పురాణమా అని సూటిగా అడిగారు. వాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. జబ్బు బాగా ముదిరినప్పుడే ఎవరైనా ఆస్పత్రికి వస్తారు. ఆ తర్వాత కొంత కాలం మందు ఉన్నా లేకున్నా తెరిపి ఉంటుంది. పోల్చడానికి రెండో జట్టు లేకుండా, ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో వైద్యుడికి తెలిసి ఉండగా, ఆ తెరిపి మందుదేనని ఎలా అంటారు? పైగా స్కౌ తన ఇంట్లోవాళ్లకే ఆ మందు వాడి మేలు చూసినవాడు. అలాంటివాడు నిష్పక్షపాతంగా ఉండగలడా అన్న అనుమానం కూడా షెపర్డ్‌కి ఉంది.

స్కౌ బాధపడ్డాడు, కోప్పడ్డాడు. తిరగబెడుతుందని తనకు గట్టి నమ్మకం ఉన్న జబ్బుకు, ఒప్పించడం కోసం మందు ఆపి చూడటం ఆయనకు మనస్కరించలేదు. చివరికి చేశారు. లిథియంతో నిలకడగా ఉన్న 84 మంది స్త్రీలను తీసుకుని, 45 మందికి లిథియం కొనసాగించి, 39 మందికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరికేది అన్నది చూసే వైద్యులకు తెలియదు. ఐదు నెలల్లో ఉత్తుత్తి మాత్రల వాళ్లలో 21 మందికి జబ్బు తిరగబెట్టింది. లిథియం వాళ్లలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. 1970లో అదే ‘లాన్సెట్’ దాన్ని అచ్చువేసింది.

ఈ తగువులో నా ఓటు ఇద్దరికీ వేస్తాను. లిథియం విషయంలో షెపర్డ్ అన్నది తప్పేనని తేలింది. అయినా ఆయన అలా నిలదీయకపోతే ఆ ప్రయోగం జరిగేది కాదు. కేడ్ వ్యాసం ఒక ఆస్ట్రేలియా డాక్టరు అనుభవంగానే మిగిలిపోయేదేమో! పొగిడినవాళ్లు ఉదహరించినా, తెగడినవాళ్లు ఉదహరించినా లెక్కలో అంకె ఒకటే పెరుగుతుంది. ఈ కథలో మాత్రం తెగడినవాళ్లవల్ల జరిగిన మేలు అంతా ఇంతా కాదు.

అమెరికా ప్రభుత్వం లిథియంను ఉన్మాదానికి మందుగా 1970లో ఒప్పుకుంది, కేడ్ రాసిన 21 ఏళ్లకు. ఇంత ఆలస్యానికి డబ్బు సంగతి కూడా తోడైంది. భూమిలో దొరికే మూలకానికి పేటెంటు ఎవరిస్తారు? లాభం లేనిచోట ఏ కంపెనీ ప్రచారం చేస్తుంది? ప్రచారం చేసిందల్లా పరిశోధన పత్రికలూ, మొండిగా రాస్తూ పోయిన నలుగురైదుగురూ. 

కేడ్ 1952 నుంచి రిటైరయ్యేవరకు మెల్‌బోర్న్‌లో రాయల్ పార్క్ ఆస్పత్రి పెద్దగా పనిచేశాడు. 1974లో స్కౌతో కలిసి, మానసిక వైద్యానికి ఇచ్చే కిట్టే బహుమతి పంచుకున్నాడు. 1980లో చనిపోయాడు. పేరున్న పరిశోధనాలయం లేదు, శిక్షణ లేదు, సరైన పరికరాలు లేవు, అలాంటివాడి మాట జనం వెంటనే నమ్మకపోవడంలో ఆశ్చర్యం లేదని ఆయనే తన గురించి రాసుకున్నాడు.

ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలు ఆ నాలుగు పేజీల్లో లేని సంగతి కూడా ఒకటి బయటపెట్టాయి. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 48 ప్రయోగాలను కలిపి చూసినవాళ్లు, లిథియం వాడేవారిలో ఆత్మహత్యలు తక్కువని తేల్చారు. అది మెదడులో సరిగ్గా ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న మీద ఇప్పటికీ వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, మన దేశపు జాబితాలోనూ లిథియం కార్బొనేట్ ఉంది. ధర సామాన్యులకు అందుబాటులోనే ఉంటుంది.

ఈ ప్రసంగం వింటున్న ఇళ్లలో ఆ మాత్ర వాడేవాళ్లు తప్పకుండా కొందరు ఉంటారు. వాళ్లకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. రక్తంలో లిథియం ఎంత ఉందో డాక్టరు చెప్పినప్పుడల్లా పరీక్ష చేయించుకోండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత రక్తం ఇవ్వాలి, పొద్దున మాత్ర వేసుకోకుండా. కిడ్నీలు, థైరాయిడ్ పరీక్షలు కూడా ఎప్పటికప్పుడు చేయించాలి. మన ఎండాకాలం ఈ మందుకు గడ్డుకాలం. చెమట పోసి, నీళ్లు తాగక, ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. బీపీ అని ఉన్నట్టుండి ఉప్పు మానేసినా, విరేచనాలు పట్టుకున్నా అంతే. ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి. చేతుల వణుకు ఎక్కువైనా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా, వాంతులైనా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

బాగైపోయిందని మాత్ర మానేయకండి. మానాలనిపిస్తే, ఇచ్చిన డాక్టరునే అడగండి. అడగడానికి దగ్గరలో ఎవరూ లేకపోతే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.